పాత పికప్ కొనేముందు ఇంజిన్ ఎంచుకోండి: సీమ ఎండకు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

పాత పికప్ కొనాలని తిరిగేవాళ్లు ముందు బాడీ చూస్తారు. గుండ్రటి ఫెండర్లు, పెద్ద గ్రిల్లు, వెనక చెక్క పలకల తొట్టి కనబడగానే మనసు పడిపోతుంది. ఇంజిన్ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. మన జిల్లాల్లో ఈ వరస తిరగబడాలి. ఇక్కడ బాడీ కంటే ఇంజిన్‌కే కష్టం ఎక్కువ.

అనంతపురం దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. కర్నూలు, కడపల్లో కూడా సముద్రపు ఉప్పు గాలి సోకదు. అందుకని రేకు తుప్పు పట్టడం నిదానం. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న బండికి కూడా చాసిస్ గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. పోయిన రేకు కోసేసి కొత్తది అతికే టింకరింగ్ మేస్త్రీలు ఆదోని, తాడిపత్రి, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలో దొరుకుతారు. కానీ మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ, బోరు నీళ్లలో ఉప్పు, హైవే మీద మనల్ని వెనక నుంచి తరిమే ట్రాఫిక్, ఈ మూడూ కలిసి పాత ఇంజిన్ ప్రాణం తీస్తాయి. కాబట్టి నేను చెప్పే వరస ఇది: మొదట ఇంజిన్, తర్వాత కాగితాలు, ఆఖరున బాడీ.

అమెరికన్ పికప్‌లు మన దగ్గర ఇంత అరుదు కావడానికి ఒక కారణం ఉంది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోని సేవ్రీలో బళ్లు బిగించేది. ఫోర్డుకూ ఇక్కడ అసెంబ్లీ ఉండేది. విడిభాగాలు పెట్టెల్లో తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారు చేయాలి అని 1953లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. 1954కల్లా జనరల్ మోటార్స్ మూసేసుకుంది, ఫోర్డు కూడా వెళ్లిపోయింది. ఆ తర్వాత షెవ్రొలే, ఫోర్డు పికప్‌లు కొత్తవి రావడమే ఆగిపోయింది. డాడ్జి, ఫార్గో బళ్లు మాత్రం ప్రీమియర్ కంపెనీ చేతుల్లో కొనసాగాయి, జీపులు మహీంద్రా చేతుల్లో కొనసాగాయి. ఈరోజు ఏ బండికి స్పేర్లు దొరుకుతాయి, దేనికి దొరకవు అన్నది చాలావరకు అప్పుడే తేలిపోయింది.

మొదటి ఓటు హరికేన్ ఇంజిన్‌కి

ఎవరైనా నన్ను ఒక్క పేరు చెప్పమంటే విల్లీస్ హరికేన్ ఇంజిన్ ఉన్న బండి అంటాను. ముందు దాని అన్న గురించి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధపు జీపులో ఉన్నది గో-డెవిల్ ఇంజిన్: నాలుగు సిలిండర్లు, 2199 సీసీ, 60 హార్స్‌పవర్. వాల్వులన్నీ బ్లాకులోనే పక్కగా ఉంటాయి. హరికేన్ కూడా అదే బోరు (సిలిండరు వెడల్పు), అదే స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం). ఇన్‌లెట్ వాల్వులను మాత్రం హెడ్డులోకి ఎక్కించారు, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే ఉండిపోయాయి. శక్తి 70 హార్స్‌పవర్ దాటింది. ఇంజిన్ ఎత్తు పెరిగింది కాబట్టి 1953లో వచ్చిన సీజే-3బీ జీపుకు బానెట్ కూడా ఎత్తు చేయాల్సి వచ్చింది. మనం చిన్నప్పటి నుంచి చూసిన ఎత్తు బానెట్ మహీంద్రా జీపు అదే.

స్ట్రోకు పొడవు 111 మిల్లీమీటర్లు, బోరు 79 మిల్లీమీటర్లే. అంటే తక్కువ తిరుగుడులోనే లాగుతుంది. చేను గట్టు మీద మొదటి గేరులో క్లచ్ వదిలేసి పాకించినా ఆగిపోదు. మహీంద్రా దశాబ్దాల పాటు ఈ ఇంజిన్ తయారు చేసింది. అందుకే పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు, వాటర్ పంపు కిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అనంతపురం వాళ్లకి బెంగళూరు జేసీ రోడ్డు దగ్గర, కడప వాళ్లకి చెన్నై పుదుపేట దగ్గర, కర్నూలు వాళ్లకి హైదరాబాద్ ఉంది. టైర్లు 6.00-16 కొలత. ట్రాక్టరు ముందు చక్రాలకు వేసేదీ చాలావరకు అదే కొలత కాబట్టి ఏ మండల కేంద్రంలో అడిగినా ఉంటుంది. అయితే ట్రాక్టరు గీతల టైరు వేసుకుని రోడ్డు మీద వేగంగా పోవద్దు, జీపు టైరే అడిగి తీసుకోండి.

ఈ ఇంజిన్‌తో పికప్ రూపంలో రెండు బళ్లున్నాయి. ఒకటి 1947 నుంచి 1965 దాకా అమెరికాలో తయారైన విల్లీస్ ట్రక్కు. చక్రాల మధ్య దూరం 118 అంగుళాలు, పొడవాటి అందమైన బండి. మొదట్లో గో-డెవిల్, 1950 నుంచి హరికేన్, 1954 నుంచి ఆరు సిలిండర్ల ఇంజిన్ కూడా వచ్చాయి. ఇది మన దగ్గర నిజంగా అరుదు. కనబడితే వదలకండి, కానీ తలుపులు, అద్దాల ఫ్రేములు, తొట్టి పక్క రేకులు పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంజిన్ సామాను దొరుకుతుంది, ఇవి దొరకవు.

రెండోది ఎఫ్‌సీ-150. డ్రైవరు ఇంజిన్ మీద కూర్చున్నట్టుండే, ముక్కు లేని బండి. అమెరికాలో 1956 చివర్లో వచ్చింది, తర్వాత మహీంద్రా ఇక్కడ తయారు చేసింది. నాకు చాలా ఇష్టమైన ఆకారం. చక్రాల మధ్య దూరం 81 అంగుళాలే కాబట్టి పల్లె సందులో కూడా ఒక్కసారికే తిరుగుతుంది. రెండు సంగతులు మాత్రం తెలిసి కొనండి. ఇంజిన్ పెట్టె క్యాబిన్ మధ్యలో ఉంటుంది, ఎండాకాలం కాళ్లు కాలతాయి. పెట్టె లోపల వేడి ఆపే పరుపు కొత్తది వేయించాలి. ఇంకా, బరువంతా ముందుంటుంది కాబట్టి తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు దిగుడులో బ్రేకు గట్టిగా తొక్కితే వెనక భాగం తేలికైపోతుంది. గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట రెండో గేరులో నిదానంగా దిగాలి.

వేగం కోరుకునేవాళ్లకి ఇది సరిపడదు. 60, 65 మీద హాయిగా పోతుంది, అంతకు మించితే ఇంజిన్ మొరపెట్టుకుంటుంది. రోజూ జాతీయ రహదారి 44 మీద పోవాలనుకునేవాళ్లు ఇంకోటి చూసుకోండి.

షెవ్రొలే: 216 వేరు, 235 వేరు

1947 నుంచి 1955 మొదటి దాకా వచ్చిన షెవ్రొలే పికప్‌లు, 1953 దాకా గ్రిల్లులో అయిదు అడ్డ పట్టీలతో, చాలామంది కలలో ఉండే బండి ఇదే. రెండు ఇంజిన్లూ వరుసగా ఆరు సిలిండర్లు, వాల్వులు పైన హెడ్డులో. పైకి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల నూనె తిరిగే తీరు వేరు. కొనేవాడి డబ్బు మొత్తం ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

216 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే మూడున్నర లీటర్లు. దీంట్లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగులు విడిగా వేసే షెల్స్ కావు, రాడ్ లోనే వైట్ మెటల్ అనే మెత్తటి లోహం కరిగించి పోసి చెక్కినవి. వాటికి పంపు నుంచి పూర్తి ప్రెషర్‌తో ఆయిల్ అందదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె, ఇంజిన్ కింద ఉండే ఆయిల్ తొట్టి (సంపు)లో ఆయిల్‌ను అందుకుని పైకి తీసుకుంటుంది. నిదానంగా తోలితే ఇది లక్షణంగా నడుస్తుంది. ఎండలో గంటల తరబడి వేగంగా తోలితే ఆయిల్ పలచబడి బేరింగు పోతుంది. వైట్ మెటల్ పోసి, సరైన కొలతకు చెక్కే పాత చేతులు ఇప్పుడు తక్కువ. ముందుగా అలాంటి మేస్త్రీని వెతికి పెట్టుకున్నాకే 216 కొనండి. ఈ ఇంజిన్‌కి ఆయిల్ గేజి కొద్దిగానే చూపిస్తుంది, అది దాని స్వభావం. దానికి భయపడి మందమైన ఆయిల్ పోస్తే గరిటెకు అందక ఇంకా చెడుతుంది.

235 క్యూబిక్ అంగుళాలది 3.9 లీటర్లు. 1954 నుంచి ట్రక్కుల్లో వచ్చిన 235కి పూర్తి ప్రెషర్ ఆయిలింగ్, మార్చుకోదగ్గ షెల్ బేరింగులు ఉన్నాయి. మన ఎండకు, మన రోడ్లకు ఇదే సరైన షెవ్రొలే ఇంజిన్. గుర్తు పట్టడానికి ఇంజిన్ పక్కన పుష్‌రాడ్ కవరు, అంటే వాల్వులను తోసే కడ్డీల మీది రేకు మూత, చూడండి. అది పైకి హెడ్డు దాకా పాకి, స్పార్క్ ప్లగ్‌ల కోసం గాట్లు ఉంటే పాత తరం. కవరు పొట్టిగా బ్లాకు దగ్గరే ఆగిపోతే తర్వాతి తరం. పొట్టి కవరున్నా 1954కి ముందుదైతే వైట్ మెటలే కావచ్చు కాబట్టి ఇంజిన్ నంబరు కూడా సరిపోల్చుకోవాలి. 1950 బండిలో 235 వేసి ఉండటం చాలాచోట్ల కనబడుతుంది. తోలుకోవడానికి అది మేలే, కాగితాల దగ్గర మాత్రం చిక్కు. దాని సంగతి కింద చెబుతాను.

డాడ్జి, ఫార్గో: తక్కువ అంచనా వేసే బండి

ఫార్గో అంటే వేరే బండి కాదు, డాడ్జికే ఇంకో పేరు పలక. పాత తరం వాళ్లకి ఫార్గో లారీ గుర్తుంటుంది. 1948 నుంచి 1953 దాకా వచ్చిన బీ సిరీస్ పికప్‌కు పెద్ద అద్దాలు, ఎత్తైన క్యాబిన్. ఇంజిన్ ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ (వాల్వులన్నీ బ్లాకులోనే ఉండే రకం), 218 లేదా 230 క్యూబిక్ అంగుళాలు. పాత షెవ్రొలే 216తో పోలిస్తే దీంట్లో అప్పటికే పూర్తి ప్రెషర్ ఆయిలింగ్, షెల్ బేరింగులు ఉన్నాయి. ఐడిల్‌లో ఉన్నప్పుడు శబ్దమే వినబడదు. షెవ్రొలే అందం ముందు దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా మటుకు 216 షెవ్రొలే, డాడ్జి సిక్స్ ఒకే ధరకు వస్తే డాడ్జినే తీసుకుంటాను.

దీనికి ఒక రహస్య రోగం ఉంది. వాటర్ పంపు వెనక, బ్లాకు లోపల పొడవునా ఒక రేకు గొట్టం ఉంటుంది. చల్లటి నీటిని ప్రతి సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరికి పంచిపెట్టేది అదే. అది తుప్పు పట్టి చిల్లులు పడితే నీళ్లు ముందు సిలిండర్ల దగ్గరే తిరిగిపోతాయి, వెనకవి కాలిపోతాయి. డాష్‌బోర్డు గేజి మాత్రం మామూలుగానే చూపిస్తూ ఉంటుంది. బోరు నీళ్లు పోసిన బండిలో ఈ గొట్టం బాగుంటుందని ఆశ పెట్టుకోవద్దు. రేడియేటర్, వాటర్ పంపు విప్పి ఆ గొట్టం లాగించండి. ఇత్తడిదో స్టెయిన్‌లెస్‌దో కొత్తది వేయిస్తే దశాబ్దాలు చూసుకోనక్కర్లేదు. ఇంకో సంగతి: ఈ బళ్లకి ఆరు వోల్టుల బ్యాటరీ, అదీ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బండి బాడీకి కలిపి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పకపోతే డైనమో, అమ్మీటరు కాల్చేస్తాడు.

ఫోర్డు వీ8: ప్రేమ ఉంటే తప్ప వద్దు

1948 ఎఫ్-1 పికప్‌లో ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున వీ ఆకారంలో ఉంటాయి. 239 క్యూబిక్ అంగుళాలు, 100 హార్స్‌పవర్. ఆ ఎగ్జాస్ట్ శబ్దం విన్నవాడు మర్చిపోలేడు. కానీ ఈ ఇంజిన్ నిర్మాణమే మన వాతావరణానికి శత్రువు. వాల్వులు వీ మధ్యలో లోపలి వైపు ఉంటాయి, సైలెన్సర్ గొట్టాలు బయటి వైపు ఉంటాయి. కాలిన పొగ బ్లాకు మధ్య నుంచి, నీటి గదుల గుండా దూరి బయటికి రావాలి. దారి పొడవునా ఆ వేడంతా నీటికి ఇస్తుంది. చల్లటి దేశంలో కూడా ఇది వేడెక్కే ఇంజిన్ అని పేరు తెచ్చుకుంది. దీనికి తోడు పెట్రోలు పంపు ఇంజిన్ వేడి పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం పూట ఆపితే పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందదు, బండి స్టార్ట్ కాదు.

సాధ్యం కాదని అనను. రేడియేటర్ కోర్ కొత్తది ఎక్కువ వరసలతో వేయించి, బ్లాకులో మిగిలిపోయిన పోత ఇసుక, సున్నపు పొర మొత్తం కడిగించి, పెట్రోలు పైపును వేడికి దూరంగా మళ్లిస్తే నిలుస్తుంది. అంత ఓపిక, అంత ఖర్చు పెట్టగలిగినవాళ్లు తీసుకోండి. లేదంటే అదే ఎఫ్-1 ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో కూడా వచ్చింది. 226 క్యూబిక్ అంగుళాలు, 95 హార్స్‌పవర్. శక్తిలో తేడా దాదాపు లేదు, వేడిలో తేడా చాలా ఉంది. వీ8 కాదని అమ్మేవాడు ధర తగ్గిస్తే సంతోషంగా తీసుకోండి.

డీజిల్ ఎక్కించిన బళ్లు, కాగితాల చిక్కు

1950లలో మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజిన్లు తయారు చేయడం మొదలుపెట్టాక, పెట్రోలు తాగే అమెరికన్ బళ్లలో చాలావాటికి ఇంజిన్ మార్చేశారు. పీ6 ఆరు సిలిండర్లు, 4.7 లీటర్లు. చిన్న బళ్లకి పీ4, పీ3 కూడా వేశారు. ఆ రోజుల్లో అది తెలివైన పని. అలా మార్చడం వల్లే కొన్ని బళ్లు ఇనుప సామాను కొట్టుకు పోకుండా బతికాయి కూడా. ఇంజిన్ మొండిది, లాగుడు ఉంది. బరువు, అదురు ఎక్కువ కాబట్టి చాసిస్ క్రాస్ మెంబర్ల దగ్గర, ఇంజిన్ ఫౌండేషన్ల దగ్గర పగుళ్లు, వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి.

అసలు చిక్కు వేరే ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ల రిజిస్ట్రేషన్‌కి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కాలి.

దీని అర్థం, డీజిల్ ఎక్కించిన షెవ్రొలే ఎంత అందంగా ఉన్నా ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంకో మెలిక: ఈ నిబంధన సొంత వాడకం బళ్ల కోసం రాసింది. చాలా పికప్‌ల ఆర్సీలో గూడ్స్ అని ఉంటుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్సీ జిరాక్స్ పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చితే అది ఆర్సీలో ఎక్కాలి. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే, ఇన్సూరెన్స్ దగ్గరా అమ్మేటప్పుడూ టెన్షన్ మీదే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసుకోండి, ఆర్సీతో అంకె అంకె పోల్చండి. 1953 అక్టోబర్ 1 దాకా మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అంతకు ముందు బండికి ఆ కాలపు ఆర్సీ పుస్తకం ఉంటే చిరిగినా సరే పారేయనివ్వకండి, బండి వయసుకు అదే సాక్ష్యం.

రోజూ తోలుకోవాలంటే

తోటకు, మార్కెట్ యార్డుకు నిజంగా వాడే బండి కావాలంటే 1970, 80ల డీజిళ్లే దారి. టెంపో మాటడోర్ పికప్‌లో వచ్చిన మెర్సిడెస్ ఓఎం616 ఇంజిన్, 2.4 లీటర్లు, ఈ వరసలో నాకు మొదటిది. పొద్దున నిదానంగా లేస్తుంది, లేచాక ఆగదు. ముందు చక్రాలతో లాగే బండి కాబట్టి వెనక బరువు ఎక్కువైతే ఎక్కుడులో చక్రం జారుతుంది. మహీంద్రా బళ్లలో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్, 2112 సీసీ, నునుపుగా నడుస్తుంది. హెడ్డు వేడెక్కనివ్వకుండా చూసుకోవాలి. 1988లో వచ్చిన టాటామొబైల్ 206లో 1948 సీసీ డీజిల్, 1991 టాటా సియెర్రాలోదీ అదే. కారులా కూర్చోవచ్చు, దూరాలకు ఇదే సుఖం. దీన్ని వింటేజ్ కింద రాయించుకోవాలంటే కనీసం 2038 దాకా ఆగాలి. ఈలోపు ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూసి కొనండి.

మిలిటరీ వేలంలో నుంచి వచ్చిన జోంగా గురించి కూడా అడుగుతుంటారు. జబల్‌పూర్‌లో తయారైన నిస్సాన్ బండి, 3956 సీసీ పెట్రోల్ ఇంజిన్. బలానికి తిరుగులేదు. పెట్రోలు ఖర్చు భరించగలిగితేనే అటు చూడండి. వేలం కాగితాలు పూర్తిగా లేకపోతే అసలు చూడొద్దు.

చూడబోయే రోజు

తెల్లవారుజామున వెళ్లొద్దు, ఎండ ఎక్కాక వెళ్లండి. ఫోన్‌లోనే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. రేడియేటర్ మూత తీసి నీటి రంగు చూడండి. తెల్లటి పొర, ఎర్రటి తుప్పు ఉంటే లోపల బ్లాకులో కూడా అదే ఉంటుంది. కంప్రెషన్ గేజి తీసుకెళ్లండి. పాత ఇంజిన్లలో అంకె తక్కువే వస్తుంది, భయపడొద్దు. సిలిండరుకూ సిలిండరుకూ తేడా పది శాతం దాటితేనే ఆలోచించాలి.

తర్వాత ఎక్కుడు ఉన్న రోడ్డు మీద రెండో గేరులో అయిదు కిలోమీటర్లు తోలండి. ఆపి, ఇంజిన్ కట్టేసి, పది నిమిషాలు అలాగే ఎండలో వదిలేయండి. మళ్లీ స్టార్ట్ చేయండి. పాత పెట్రోల్ బండి అసలు గుణం ఈ పది నిమిషాల తర్వాతే తెలుస్తుంది.

కొన్నాక మొదటి వారంలోనే చేయించాల్సినవి రెండు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను లాక్కుని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ కిట్టు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి. రెండోది, బోరు నీళ్లు మొత్తం తీసేయించి, బ్లాకు డ్రెయిన్ మర విప్పి శుభ్రంగా కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయించండి. చాలాసార్లు ఆ డ్రెయిన్ మర నుంచి చుక్క నీరు రాదు, లోపల బురద గట్టిపడి ఉంటుంది. తీగ పెట్టి పొడిచి, నీళ్లు ధారగా వచ్చేదాకా మెకానిక్ పక్కనే నిలబడండి.